డ్రైవు టర్మినల్ మళ్లీ మాడింది: లగ్గు మార్చినా మూడు నెలలే

టెక్కలి_పాలిషింగ్ · ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. టెక్కలి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. మా పెద్ద మెషీన్‌కి 37 కిలోవాట్ల వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని మార్చే డ్రైవు, ఉంది. దాని ఇన్‌పుట్ వైపు ఆర్, వై, బీ అనే మూడు ఫేజుల్లో బీ ఫేజు టర్మినల్ మాడిపోతోంది. మొదటిసారి ఆగస్టులో చూశాం. ప్యానెల్ తలుపు తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన, లగ్గు (కేబుల్ చివర తొడిగే లోహపు కొస) మీది పీవీసీ స్లీవు కరిగి కేబుల్‌కి అతుక్కుపోయింది. బయటి ఎలక్ట్రీషియన్ వచ్చి పాత లగ్గు కోసేసి, కొత్తది వేసి, పానాతో ఒళ్లంతా పెట్టి బిగించి వెళ్లాడు. మొన్న శుక్రవారం చూస్తే మళ్లీ అదే కథ.

కేబుల్ 50 చదరపు మి.మీ. అల్యూమినియం. లగ్గు కూడా అల్యూమినియమే. డ్రైవు టర్మినల్ రాగిది, పైన తగరం పూత, ఎం8 స్టడ్ (8 మి.మీ. మర కడ్డీ). నడిచేటప్పుడు క్లాంప్ మీటర్‌లో 62 ఆంపియర్లు, మూడు ఫేజుల్లోనూ దాదాపు సమానంగా ఉంది. కాబట్టి లోడు ఎక్కువై కాలిందని నేను అనుకోను. ఓనరుగారు మాత్రం డ్రైవే పోయింది, కొత్తది కొనేద్దాం అంటున్నారు. చిన్న ఖర్చు కాదు కదా, నాకు టెన్షన్‌గా ఉంది.

ఎమరీ పేపర్‌తో బాగా రుద్ది మళ్లీ బిగించనా? వెండి పేస్టు లాంటిది ఏదైనా రాయాలా? కేబుల్ మొత్తం రాగికి మార్చాలా?

బొబ్బిలి_వైండింగ్ · ఆదివారం, రాత్రి 9:34

తమ్ముడూ, ముందు ఒక్క విషయం చెప్పు. స్టడ్ మీద కింది నుంచి పైకి ఏ వరుసలో ఉన్నాయి? టర్మినల్ ప్లేటు, దాని మీద నేరుగా లగ్గు ఉందా, మధ్యలో ఇంకేమైనా ఉందా? రేపు మెయిన్ ఆపి, తాళం వేసి, విప్పేటప్పుడు ఒక్కొక్కటీ ఫోటో తీసి పెట్టు. తుడవకముందే తియ్యి.

రాజాం_ఆడియో · ఆదివారం, రాత్రి 10:02

వెండి పేస్టు రాయండి. పెద్ద ఆంప్లిఫయర్ల స్పీకర్ టర్మినల్స్‌కి నేను అదే వాడతాను, ఏళ్ల తరబడి ఇబ్బంది లేదు. వెండి కంటే బాగా కరెంటు మోసే లోహం లేదు కదా.

గజపతినగరం_లెక్చరర్ · ఆదివారం, రాత్రి 11:15

పేస్టు సంగతి తర్వాత. రెండు లోహాలు అసలు ఎలా తాకుతాయో ముందు చూద్దాం, అది తెలిస్తే సగం ప్రశ్నలు వాటంతటవే పోతాయి.

లగ్గు అరచేయి (స్టడ్ మీద కూర్చునే చదును భాగం), టర్మినల్ ప్లేటు కంటికి ఎంత చదునుగా కనిపించినా, దగ్గరికెళ్తే రెండూ కొండలూ లోయలే. ఒకదాని మీద ఒకటి పెడితే శిఖరాలు మాత్రమే తాకుతాయి. మిగతాదంతా గాలి. కరెంటు మొత్తం ఆ కాసిని చుక్కల్లోంచే దూరాలి. సంతలో జనమంతా ఒకే చిన్న గేటులోంచి బయటికి రావాల్సి వస్తే ఎలా ఉంటుందో అలా. ఈ శాస్త్రాన్ని గట్టిగా నిలబెట్టినవాడు రాగ్నర్ హోల్మ్. ఈ రంగంలో ఇప్పటికీ ఆయన సూత్రాలే ఆధారం.

ఇప్పుడు లెక్క. మామూలు పొడి మరలకి బిగింపు బలం కావాలంటే, టార్క్‌ని బోల్టు వ్యాసంలో అయిదో వంతుతో భాగించాలి. ఎం8కి 12 న్యూటన్ మీటర్లు పెడితే 7,500 న్యూటన్లు వస్తుంది. అంటే 760 కిలోల పైచిలుకు బరువు ఆ జాయింటు మీద కూర్చున్నట్టు. రాగి కాఠిన్యం చదరపు మి.మీ.కి సుమారు 800 న్యూటన్లు. శిఖరాలు అణిగి అణిగి, ఆ బరువును మోయగలిగేంత విస్తీర్ణం వచ్చాక ఆగుతాయి. 7,500ని 800తో భాగిస్తే 9 చదరపు మి.మీ. కొంచెం పైన. లగ్గు అరచేయి విస్తీర్ణమేమో 340 దాకా ఉంటుంది. సరిగ్గా బిగించిన జాయింటులో కూడా నిజంగా తాకేది నూటికి మూడు వంతులే. వదులుగా ఉండి 400 న్యూటన్లే ఉంటే తాకేది అర చదరపు మి.మీ.

నిజంగా తాకే విస్తీర్ణాన్ని నిర్ణయించేది బిగింపు బలం. లగ్గు సైజు కాదు, నునుపు కాదు. రాగి మీద రాగి, శుభ్రంగా ఉండి, ఆ 7,500 న్యూటన్లు ఉంటే కాంటాక్ట్ రెసిస్టెన్స్ 5 మైక్రో ఓమ్‌ల దగ్గర వస్తుంది. 62 ఆంపియర్లకి అక్కడ పుట్టే వేడి వాటులో యాభయ్యో వంతు. చేత్తో ముట్టుకున్నా తెలియదు.

ఈఈఈ_మూడో_ఏడు · సోమవారం, ఉదయం 6:50

నమస్తే సార్. విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. అయితే అద్దంలా పాలిష్ చేసినా లాభం లేదా? మా ల్యాబ్‌లో బస్‌బార్లు బాగా మెరిసేలా రుద్దమంటారు.

గజపతినగరం_లెక్చరర్ · సోమవారం, ఉదయం 7:20

మంచి ప్రశ్న అమ్మా. మెరుపు వేరు, శుభ్రం వేరు. రుద్దడం వల్ల మనకు కావాల్సింది పైనున్న ఆక్సైడ్ పొర పోవడం. కొంచెం గరుకుగా ఉంటేనే మంచిది, శిఖరాలు మొనదేలి మిగిలిన పొరను చీల్చుకుని దిగుతాయి. రెండోది, బలం పెంచితే వచ్చే లాభానికి ఒక పద్ధతి ఉంది. శుభ్రమైన లోహాలకి బలం నాలుగు రెట్లు చేస్తే రెసిస్టెన్స్ సగమవుతుంది. అందుకే ఒక హద్దు దాటాక ఇంకా ఇంకా బిగించి సాధించేది తక్కువ, మరలు తెంపుకునే ప్రమాదం ఎక్కువ.

నెల్లిమర్ల_రిటైర్డ్ · సోమవారం, ఉదయం 8:05

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను జ్యూట్ మిల్లులో, తర్వాత ఒక ఇండక్షన్ ఫర్నేసులో, మొత్తం ముప్పై ఏళ్లకు పైగా ప్యానెళ్లలోనే గడిపాను. బిగింపు విలువేమిటో నాకు ఫర్నేసులోనే తెలిసింది.

అక్కడ బిళ్ల థైరిస్టర్లు, అంటే పెద్ద కరెంటును అదుపు చేసే సెమీకండక్టర్ స్విచ్‌లు, ఉండేవి. చూడ్డానికి మందపాటి బిళ్ల గాజులా ఉంటాయి, స్క్రూలు, కాళ్లు ఏమీ ఉండవు. రెండు హీట్‌సింక్‌ల మధ్య పెట్టి క్లాంపుతో నొక్కాలి. రకాన్ని బట్టి 10, 20 కిలోన్యూటన్లు. ఆ ఒత్తిడి ఉంటేనే కరెంటూ పోతుంది, వేడీ బయటికి పోతుంది. ఒకసారి రాత్రి షిఫ్టులో కొత్త కుర్రాడు బిళ్ల మార్చాడు. క్లాంపులో ఒకవైపు నట్టు మొత్తం బిగించేసి, తర్వాత రెండోవైపు బిగించాడు. బిళ్ల ఒరిగి కూర్చుంది. ఫర్నేసు ఫుల్ లోడుకి వెళ్లిన కాసేపటికే పేలింది. విప్పి చూస్తే ఒక అంచు నల్లగా కాలి ఉంది, ఎదుటి అంచు కొత్తదానిలా తళతళలాడుతోంది. ఆ అంచు అసలు తాకనే లేదు. అప్పటినుంచి మా షాపులో రెండు వైపులా పావు చుట్టు పావు చుట్టుగా బిగించి, క్లాంపు మీదున్న గేజి చూసి ఆపడం నియమం.

టెక్కలి బాబూ, నీ ఫోటోల కోసం చూస్తున్నాం.

టెక్కలి_పాలిషింగ్ · సోమవారం, మధ్యాహ్నం 1:40

ఇప్పుడే విప్పాను. బొబ్బిలి అన్నా, మీరు అడిగిందే ఉంది. టర్మినల్ ప్లేటు, దాని మీద ఒక స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్, దాని మీద లగ్గు, పైన మామూలు స్ప్రింగ్ వాషర్, నట్టు. ఆర్, వై ఫేజుల్లో మధ్యలో వాషర్ లేదు. ఇంకో సంగతి, ఈ లగ్గు రంధ్రం ఎం10ది. స్టడ్ ఎం8. లగ్గు నట్టు కిందికి జారిపోకుండా ఉండటానికే ఆ వాషర్ వేసినట్టున్నాడు.

లగ్గు కిందివైపు వాషర్ ఆకారంలో నల్లటి ఉంగరం పడింది. దాని చుట్టూ బూడిద రంగు పొడి.

బొబ్బిలి_వైండింగ్ · సోమవారం, మధ్యాహ్నం 2:02

అనుకున్నాను. దొరికింది దొంగ. స్టీలు రాగి కంటే నలభై రెట్లు ఎక్కువ అడ్డుకుంటుంది. దాన్ని తెచ్చి కరెంటు దారిలో పెట్టారు.

గజపతినగరం_లెక్చరర్ · సోమవారం, సాయంత్రం 5:30

దొంగ సరే గాని, నేరం అది కాదు. స్టెయిన్‌లెస్ రెసిస్టివిటీ రాగికి నలభై రెట్లు ఉన్న మాట నిజమే. కానీ వాషర్ మందం 1.6 మి.మీ., విస్తీర్ణం 145 చదరపు మి.మీ. లెక్క వేస్తే ఆ లోహం మొత్తానికి 8 మైక్రో ఓమ్‌లు. దానివల్ల స్లీవు కరగదు. అసలు సమస్య, ఒక జాయింటు ఉండాల్సిన చోట రెండు జాయింట్లయ్యాయి. పైగా స్టెయిన్‌లెస్ మీద తుప్పు పట్టనివ్వని క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది కదా, అది కరెంటుకి అడ్డం. లోహమూ గట్టిది, శిఖరాలు సరిగా అణగవు. దాని మీద కూర్చుంది అల్యూమినియం. గీసిన మరుక్షణమే దాని మీద ఆక్సైడ్ పొర కమ్ముకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లే, కానీ మంచి ఇన్సులేటర్.

అయినా ఊహతో ఎందుకు? కొలిస్తే తేలిపోతుంది.

నెల్లిమర్ల_రిటైర్డ్ · సోమవారం, రాత్రి 8:45

కొలవడానికి మైక్రో ఓమ్ మీటరు కావాలని కంగారు పడకు. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి చూడకు, అది వైర్ల రెసిస్టెన్స్‌నే చూపిస్తుంది. నేను చేసే పద్ధతి చెప్తాను.

ముందు మెయిన్ ఆపి, తాళం వేసి, కీ జేబులో పెట్టుకో. డ్రైవులో కెపాసిటర్లుంటాయి, 415 వోల్టుల సప్లైకి లోపల డీసీ 580 దాటి ఉంటుంది. పుస్తకంలో ఎన్ని నిమిషాలు ఆగమంటే అన్ని నిమిషాలూ ఆగి, ప్లస్ మైనస్ మధ్య మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టు. ఇది నడిచే లైన్లో చేసే పరీక్ష కాదు.

12 వోల్టుల బ్యాటరీ, 55 వాట్ల హెడ్‌లైట్ హాలోజన్ బల్బు తీసుకో. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు, బల్బు నుంచి డ్రైవు టర్మినల్ ప్లేటుకి. కేబుల్ రెండో చివర, బ్రేకర్ దగ్గర, బ్యాటరీ మైనస్. బల్బు వెలుగుతుంది, జాయింటులోంచి సుమారు నాలుగున్నర ఆంపియర్లు పోతుంది. ఇప్పుడు మీటరు 200 మిల్లీవోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబు టర్మినల్ ప్లేటు మీద, ఇంకోటి లగ్గు అరచేతి మీద. ఆ తర్వాత ఒకటి లగ్గు గొట్టం (తీగ దూరే భాగం) మీద, ఇంకోటి గొట్టం వెనక కనిపించే కేబుల్ తీగ మీద. కరెంటు క్లిప్పుల మీద ప్రోబులు పెట్టకూడదు, వాటి లోపలివైపు పెట్టాలి. వచ్చిన మిల్లీవోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే మిల్లీ ఓమ్‌లు. మూడు ఫేజులూ ఒకేలా కొలిచి పోల్చు. విప్పిన దాన్ని ఎలా ఉందో అలాగే బిగించి కొలు, తుడవకు.

సోంపేట_మాస్టారు · సోమవారం, రాత్రి 9:50

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ మిల్లీవోల్టుల పద్ధతి ఇంట్లో ఇన్వర్టర్‌కి కూడా పనికొస్తుందా? 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాతే ఇన్వర్టర్ కొన్నాం, పోయిన ఏడాది కొత్త బ్యాటరీ వేయించాం. ఇప్పుడు రెండు ఫ్యాన్లు, మిక్సీ వేస్తే లో బ్యాటరీ అని కూతపెట్టి ఆగిపోతోంది. షాపులో బ్యాటరీ పోయింది అంటున్నారు.

సిక్కోలు_సోలార్ · సోమవారం, రాత్రి 10:20

మాస్టారూ, పనికొస్తుంది. మీ ఇంట్లో ఇంకా సులువు, అక్కడ ఉన్నది 12 వోల్టుల డీసీనే. పానా, వైరు ముక్క ప్లస్ మైనస్‌కి ఒకేసారి తగలకుండా చూసుకోండి, అంతే. కరెంటు లేనప్పుడు ఆ లోడు వేసి ఉంచి, ముందు బ్యాటరీ సీసపు పోస్టుల మీద వోల్టేజీ చూడండి. తర్వాత ఇన్వర్టర్‌లోకి వైర్లు వెళ్లే చోట చూడండి. రెండింటికీ తేడా పావు వోల్టు దాటితే దారిలో ఎక్కడో తినేస్తోందని అర్థం.

600 వాట్ల లోడుకి 12 వోల్టుల ఇన్వర్టర్ 60 ఆంపియర్ల దాకా లాగుతుంది. మన ఇళ్లలో గోడలో ఎక్కడా అంత కరెంటు పోదు, ఆ బ్యాటరీ క్లిప్పులోంచే పోతుంది. అక్కడ అర వోల్టు పోతే 30 వాట్లు వేడి.

పలాస_జీడి · మంగళవారం, ఉదయం 7:15

మా ఫ్యాక్టరీలో కాంటాక్టర్ల (మోటార్లని ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్‌ల) పాయింట్లు నల్లబడితే మా మనిషి నెలనెలా ఆకురాయితో రుద్దుతాడు. అది సరైనదేనా?

నెల్లిమర్ల_రిటైర్డ్ · మంగళవారం, ఉదయం 7:40

వెంటనే మాన్పించండి. ఆ పాయింట్లు వెండి మిశ్రమం. వెండి నల్లబడితే అది రాగి, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి అడ్డు కాదు, కరెంటు పోనిస్తుంది. రుద్దినకొద్దీ వెండి పోయి, కింద రాగి తేలి, ఒకరోజు రెండు పాయింట్లూ వెల్డింగ్ అయి అతుక్కుంటాయి. గుంటలు పడి, వెండి అరిగిపోతే సెట్టు మార్చండి. అంతవరకూ ముట్టుకోవద్దు. ఎమరీ అసలు వద్దు, దాని గరుకు రేణువులు మెత్తని లోహంలో దిగబడి ఉండిపోతాయి, అవి ఇన్సులేటర్లే.

టెక్కలి_పాలిషింగ్ · మంగళవారం, సాయంత్రం 6:25

కొలిచాను గురువుగారూ. బల్బుతో 4.5 ఆంపియర్లు వచ్చింది.

ఆర్ ఫేజు, తీగ నుంచి టర్మినల్ దాకా మొత్తం 0.3 మిల్లీవోల్టులు. వై ఫేజు 0.4. బీ ఫేజు 13.6.

బీ ఫేజులో విడివిడిగా చూస్తే లగ్గు అరచేతికీ టర్మినల్‌కీ మధ్య 5.1. తీగకీ లగ్గు గొట్టానికీ మధ్య 8.5. ప్రోబులు తిప్పి పెట్టి కూడా చూశాను, అంతే వచ్చింది.

అంటే వాషర్ కంటే క్రింపింగే, గొట్టాన్ని తీగ మీద నొక్కి బిగించిన చోటే, ఎక్కువ తింటోంది! నేను అటు వైపు చూడనే లేదు.

గజపతినగరం_లెక్చరర్ · మంగళవారం, సాయంత్రం 6:58

చాలా బాగా కొలిచావు. 13.6ని 4.5తో భాగిస్తే 3 మిల్లీ ఓమ్‌లు. 62 ఆంపియర్ల వర్గం 3,844. దాన్ని 3 మిల్లీ ఓమ్‌లతో గుణిస్తే పదకొండున్నర వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని సగం వేడిలో పెట్టి, రోజూ ఎనిమిది గంటలు ఆ చిన్న లగ్గులో దూర్చి ఉంచినట్టు. పైగా వేడెక్కిన కొద్దీ ఆక్సైడ్ పెరుగుతుంది, ఆక్సైడ్ పెరిగిన కొద్దీ వేడి. మూడు నెలలు నిలిచిందంటే అదే ఎక్కువ.

ఓనరుగారికి ఈ అంకెలు చూపించు. డ్రైవుకేం కాలేదు.

బొబ్బిలి_వైండింగ్ · మంగళవారం, రాత్రి 8:10

వాషర్ దగ్గరే ఆగిపోయాను, క్రింపింగు అడగాల్సింది. ఆ లగ్గుని ఎలాగూ తీసేస్తావు కాబట్టి హాక్సాతో అడ్డంగా కోసి లోపల చూడు. కోసిన ముఖాన్ని ఫోటో తీసి పెట్టు.

రాజాం_ఆడియో · మంగళవారం, రాత్రి 8:40

క్రింపింగు వదులుగా ఉంటే సోల్డరు పోసేస్తే సరిపోదా?

సిక్కోలు_సోలార్ · మంగళవారం, రాత్రి 9:05

ఇక్కడ వద్దన్నా. మొదటిది, అల్యూమినియానికి మామూలు సోల్డరు అంటదు. రెండోది, రాగి అయినా సరే, తగరం సీసం సోల్డరు 183 డిగ్రీలకి కరుగుతుంది. జాయింటు ఒకసారి బాగా వేడెక్కిందంటే సోల్డరు కారిపోయి కేబుల్ ఊడి వస్తుంది. ఇంకోటి చాలామంది చేసే పని, తీగ చివర సోల్డరు ముంచి స్క్రూ టర్మినల్ కింద పెట్టడం. సోల్డరు మెత్తన. ఒత్తిడి కింద నెమ్మదిగా పక్కకి పారుతుంది, కొన్ని వారాలకి స్క్రూ వదులు. అక్కడ పిన్ లగ్గు నొక్కి పెట్టాలి.

సోలార్‌లోనూ ఇదే గొడవ. ప్యానెల్ వైరు కనెక్టర్లు ఒక కంపెనీ మగది, ఇంకో కంపెనీ ఆడది టక్కుమని కూర్చుంటాయి. బయటికి బాగానే ఉంటుంది, లోపల స్ప్రింగు కొలతలు కలవవు. అక్కడ పోయేది డీసీ. ఏసీ అయితే సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది, ఆర్క్ ఆరిపోయే అవకాశం ఉంది. డీసీ ఆర్క్ అలా ఆరదు. పీఎం సూర్యఘర్ వచ్చాక ఊరూరా మేడల మీద ప్యానెళ్లు లేస్తున్నాయి, ఈ ఒక్క విషయం మాత్రం ఫిట్టింగు రోజునే దగ్గరుండి చూసుకోండి. జతలో రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి ఉండాలి.

టెక్కలి_పాలిషింగ్ · బుధవారం, మధ్యాహ్నం 12:30

కోశాను. మాకు రాయి కోయడం అలవాటే గాని, లగ్గు కోయడం ఇదే మొదలు.

గొట్టం గుండ్రంగా ఉంది, కేబుల్ తీగల కట్ట మాత్రం పుచ్చకాయ ముక్క ఆకారంలో ఉంది. ఒక మూల తీగలు గోడకి ఒత్తుకున్నాయి, ఎదురుగా అగ్గిపుల్ల దూరేంత ఖాళీ. తీగల మధ్య తెల్లటి పొడి రాలింది. గొట్టం మీద బయట రెండు లోతైన గాట్లున్నాయి, ఉలితో సుత్తి దెబ్బలు అనుకుంటాను. సుత్తి దెబ్బ పడిన చోట రెండు తీగలు తెగి ఉన్నాయి.

నెల్లిమర్ల_రిటైర్డ్ · బుధవారం, మధ్యాహ్నం 1:15

అదే బాబూ. అల్యూమినియం పవర్ కేబుల్లో కోర్లు అలా ముక్క ఆకారంలోనే వస్తాయి, కేబుల్ సన్నగా రావడానికి. లగ్గు వేసే ముందు దాన్ని గుండ్రంగా చెయ్యాలి. దానికీ డై (నొక్కే అచ్చు) ఉంటుంది. లేకపోతే ఖాళీ మిగిలిపోతుంది. సుత్తితో కొట్టినప్పుడు కొట్టిన చోట మాత్రమే అణుగుతుంది. హైడ్రాలిక్ క్రింపర్‌లో ఆరు పలకల డై పెడితే అన్ని వైపుల నుంచీ ఒకేసారి నొక్కుతుంది, లోపల తీగలన్నీ కలిసి దాదాపు ఒకే ముద్ద అవుతాయి. గాలి దూరే సందు ఉండదు, కొత్త ఆక్సైడ్ పుట్టదు.

ఇప్పుడు ఇలా చెయ్యి. 50 సైజు, ఎం8 రంధ్రం ఉన్న బైమెటల్ లగ్గు తెప్పించు. గొట్టం అల్యూమినియం, అరచేయి రాగి, మధ్యలో ఫ్యాక్టరీలోనే రాపిడి వెల్డింగు చేసి ఇస్తారు. మంచివైతే గొట్టంలో గ్రీజు నింపి, మూత పెట్టి వస్తాయి, ఆ గ్రీజు తుడిచెయ్యకు. కేబుల్ కాలిన భాగం దాటి, తీగ తెల్లగా మెరిసేదాకా వెనక్కి కొయ్యి. గుండ్రం చేశాక తీగల మీద ముందు జాయింటింగ్ కాంపౌండ్ రాసి, ఆ గ్రీజులోనే స్టీలు బ్రష్షుతో రుద్దు. పొడిగా రుద్ది తర్వాత గ్రీజు రాస్తే ఆ మధ్యలోనే పొర వచ్చేస్తుంది. ఆ బ్రష్షు రాగి మీద వాడింది కాకూడదు.

అరచేతికి తగరం పూత ఉంటుంది. దాన్ని రుద్దకు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు చాలు. నేరుగా టర్మినల్ మీద కూర్చోబెట్టు. పైన మందపాటి వాషర్, దాని మీద గిన్నె వాషర్, తర్వాత నట్టు.

ఈఈఈ_మూడో_ఏడు · బుధవారం, రాత్రి 7:30

గిన్నె వాషర్ ఎందుకండీ? మామూలు స్ప్రింగ్ వాషర్ ఉంది కదా?

గజపతినగరం_లెక్చరర్ · బుధవారం, రాత్రి 8:15

ఆ కోసిన స్ప్రింగ్ వాషర్ కొద్ది బలానికే పూర్తిగా చదునైపోతుంది. ఆ తర్వాత అది మామూలు వాషరే. గిన్నె వాషర్ వేల న్యూటన్ల దగ్గర కూడా ఇంకా స్ప్రింగులా ఉంటుంది.

అది ఎందుకు కావాలంటే, ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవున అల్యూమినియం 23 మైక్రోమీటర్లు పెరుగుతుంది, రాగి 17, స్టీలు బోల్టు 12. లోడు ఎక్కినప్పుడు అల్యూమినియం ఉబ్బాలనుకుంటుంది, బోల్టు సాగనివ్వదు. మెత్తని లోహం పక్కకి పారుతుంది. రాత్రి మెషీన్ ఆగి చల్లారగానే ముడుచుకుంటుంది, కానీ పారిన లోహం వెనక్కి రాదు. మిగిలేది వదులు. ఎలక్ట్రీషియన్ ఒళ్లంతా పెట్టి బిగించాడని మొదట రాశావు కదా, ఆ బిగువు కొన్ని వారాల్లోనే పోయి ఉంటుంది. వదులైందని మళ్లీ మళ్లీ బిగిస్తే లగ్గు పలచబడటమే మిగులుతుంది. అల్యూమినియం అరచేయి స్థానంలో రాగి వచ్చి, పైన గిన్నె వాషర్ ఉంటే ఆ ఉబ్బడం ముడుచుకోవడం స్ప్రింగు సర్దుకుంటుంది.

రాజాం సోదరుడికి ఒక మాట. జాయింటింగ్ కాంపౌండ్ పని కరెంటు మోయడం కాదు. లోహం లోహాన్ని తాకిన చోట గ్రీజు పక్కకి తప్పుకుంటుంది, చుట్టూ లోయల్లో నిండి గాలినీ తేమనీ రానివ్వదు. వెండి పేస్టు కూడా ఆ చుక్కల పని చెయ్యలేదు. స్పీకర్‌లో మీకు పనిచేసింది కరెంటు తక్కువ కాబట్టి, జాయింటు మొదటే బాగుంది కాబట్టి.

రాజాం_ఆడియో · బుధవారం, రాత్రి 8:50

ఒప్పుకుంటున్నాను మాస్టారూ. అయితే ఆ గ్రీజు మరలకి కూడా రాసేస్తే తుప్పు పట్టదు కదా?

గజపతినగరం_లెక్చరర్ · బుధవారం, రాత్రి 9:05

మరలకి రాయొద్దు. పొడి మరలకి 12 న్యూటన్ మీటర్లు అంటే 7,500 న్యూటన్లు. గ్రీజు పడితే రాపిడి తగ్గి, అదే పానా బలానికి 10,000 దాకా వెళ్తుంది. డ్రైవు టర్మినల్ స్టడ్ ప్లాస్టిక్ దిమ్మెలో పాతి ఉంటుంది, ఊడి చేతికొస్తుంది. కంపెనీ పుస్తకంలో ఎంత రాస్తే అంతే, పొడిగా.

ఉప్పుగాలి_నౌపడ · బుధవారం, రాత్రి 10:30

ఉప్పు మళ్ల పక్కన రొయ్యల చెరువులు మావి. మా ఏరియేటర్ ప్యానెళ్ల గురించి ఒక మాట చెప్పాలి. మాకు రాగి, అల్యూమినియం నేరుగా కలిసిన చోట ఏడాది కూడా ఆగదు. ఉప్పుగాలి, రాత్రి మంచు కలిసి ఆ సందులో చిన్న బ్యాటరీలా తయారవుతుంది, అల్యూమినియం తినేస్తుంది. మేం బైమెటల్ లగ్గు వేశాక లోపల జిగురు ఉండే హీట్ ష్రింకు గొట్టం మీదుగా, ఆ వెల్డింగు గీత కూడా మూసుకుపోయేలా తొడుగుతాం. తడి చేరకపోతే ఆ బ్యాటరీ పుట్టదు. టెక్కలి అన్నకి ఉప్పు లేకపోయినా రాతి బురద నీళ్లుంటాయి, తొడగండి.

సోంపేట_మాస్టారు · గురువారం, రాత్రి 8:00

చూశాను. ఫ్యాన్లు, మిక్సీ వేసి బ్యాటరీ పోస్టుల మీద 12.2, ఇన్వర్టర్ దగ్గర 11.1. ఒక వోల్టు పైన తేడా! మైనస్ క్లిప్పు విప్పితే కింద ఆకుపచ్చ, తెలుపు కలిసిన చిలుము పట్టి ఉంది. వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పోస్టు తెల్లగా వచ్చేదాకా గీకి, బిగించాక పైన వాజ్‌లైన్ రాశాను. ఇప్పుడు తేడా 0.1. మిక్సీ ఆగకుండా నడుస్తోంది. కొత్త బ్యాటరీ మాట ఎత్తడం లేదు. మా ఆవిడ మీ అందరికీ చెప్పమంది, పప్పు రుబ్బడం అయిపోయిందని.

టెక్కలి_పాలిషింగ్ · శనివారం, సాయంత్రం 5:50

విశాఖ నుంచి బైమెటల్ లగ్గులు వచ్చాయి. హైడ్రాలిక్ క్రింపర్, డైలు తెలిసిన కాంట్రాక్టర్ దగ్గర ఒక రోజుకి తెచ్చుకున్నాను. ఆర్, వై బాగున్నా సరే మూడు ఫేజులూ మార్చేశాను. గుండ్రం చేసేటప్పుడు తీగలు చేతికి గట్టిగా ఒకే కడ్డీలా తగిలాయి, అప్పుడే తేడా తెలిసింది. ఆరు పలకల గాట్లు రెండేసి వేశాను. మా డ్రైవు పుస్తకంలో ఎం8కి 12 న్యూటన్ మీటర్లే ఉంది, టార్క్ రెంచ్‌తో అంతే పెట్టి, నట్టు నుంచి ప్లేటు మీదికి ఎర్ర మార్కర్‌తో ఒక గీత గీశాను. గీత తప్పితే వదులైనట్టు.

బల్బు పెట్టి కొలిస్తే మూడింటికీ 0.2, 0.2, 0.3 మిల్లీవోల్టులు. ఓనరుగారు పక్కనే నిలబడి చూశారు.

ఒక సందేహం. ఐఆర్ గన్‌తో లగ్గు మీద చూస్తే ప్యానెల్ గోడకీ లగ్గుకీ తేడా లేదు. నిజమేనా?

నెల్లిమర్ల_రిటైర్డ్ · శనివారం, సాయంత్రం 6:30

మెరిసే లోహం మీద ఐఆర్ గన్‌ని నమ్మకు. అద్దంలా పక్కనున్న వాటి వేడిని చూపిస్తుంది, తన వేడి తక్కువ చూపిస్తుంది. మెయిన్ ఆపినప్పుడు లగ్గు గొట్టం మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించు, నడిచేటప్పుడు దూరం నుంచి ఆ టేపు మీద చూడు. మూడింటికీ ఒకే సైజు ముక్క. అంకె ఎంతన్నది తర్వాత, మూడింటిలో ఒకటి వేరుగా ఉందా అన్నదే ముఖ్యం.

టెక్కలి_పాలిషింగ్ · సోమవారం, రాత్రి 7:45

టేపు పెట్టి, ఫుల్ లోడులో రెండు గంటలు నడిపాక చూశాను. ఆర్ 47, వై 48, బీ 47 డిగ్రీలు. ప్యానెల్ లోపలి గాలి 41.

రేపు కటింగ్ మెషీన్ ప్యానెల్ తెరుస్తున్నాను. అక్కడా అదే ఎలక్ట్రీషియన్ వేసిన లగ్గులు ఆరున్నాయి. రీడింగులు ఇక్కడే పెడతాను.